పద్నాలుగు వందల పద్దెనిమిది అర్జీలు పెట్టిన లాప్‌టాప్

జిల్లా నాటుపడవల లైసెన్సుల కార్యాలయంలో ఒక రూలు ఉండేది. "కార్యాలయమునకు లిఖితపూర్వకముగా అందిన ప్రతి ఫిర్యాదును, ఇచ్చినవారెవరన్న వివక్ష లేకుండా, అందిన వరుసక్రమములో నమోదు చేసి, అదే క్రమములో పరిష్కరించవలెను." ఇందులో తప్పేముంది చెప్పండి? ఏమీ లేదు. చాలా మంచి రూలు. సూపరింటెండెంట్ పరబ్రహ్మం గారైతే దాన్ని అద్దం ఫ్రేములో బిగించి తన కుర్చీ వెనక తగిలించుకున్నారు కూడా.

ఆయన రూలు చెప్పేవాడే కాదు, పాటించేవాడు. తనకి రావాల్సిన ప్రమోషన్ గురించి రాజధానికి పెట్టుకున్న అర్జీ తొమ్మిదేళ్లుగా అక్కడే ఉంది. ఎవరైనా అయ్యో పాపం అన్నారా, ఆయనకి ఒళ్ళు మండేది. "పాపం ఏమిటండీ? వరుసలో ఉంది. ముందున్నవాళ్ళు తేలాలి కదా!" అనేవారు.

మే నెల ఇరవయ్యో తారీఖున ఆ ఆఫీసుకి కొత్త లాప్‌టాప్ వచ్చింది. ఇకమీదట ఆఫీసులన్నీ కంప్యూటర్లు నడపడానికి లినక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేరే వాడాలని పైనుంచి ఉత్తర్వు. సీనియర్ అసిస్టెంటు తిలోత్తమకి ఆ వార్త విని ప్రాణం లేచొచ్చింది. ఆవిడ ఇంట్లో పాత లాప్‌టాప్‌లో నాలుగేళ్లుగా లినక్సే వేసుకుని వాడుకుంటోంది. సరిగ్గా పదిన్నరకి బటన్ నొక్కింది. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు బిలబిలమంటూ పైకి పరుగెత్తాయి. పరబ్రహ్మం గారు ఆవిడ వెనకే నిలబడి, నుదుటి మీదున్న కళ్ళజోడు కిందకి దించారు.

"ఏమిటమ్మా అవి?"

"ఏం లేదు సార్. లినక్స్ లేస్తూ లేస్తూ తను చేస్తున్న పనులన్నీ చెప్పుకుంటుంది. దొరికినవి దొరికాయంటుంది, దొరకనివి లేవంటుంది. చాలావాటిని పట్టించుకోనక్కర్లేదు. ఒక్క వైఫై చిప్పుకి కావాల్సిన చిన్న ఫైలు మాత్రం లేదు. దాన్ని ఫర్మ్‌వేర్ అంటారు. నా ఫోను వైరుతో తగిలించి నెట్ ఇస్తే నాలుగు నిమిషాల్లో దించేస్తాను."

"ఎర్రర్ అని ఉంది. ఫెయిల్డ్ అని ఉంది. అక్షరాల్లో ఉంది. దీన్ని ఫిర్యాదు అనరా?"

"మెషీన్ కదండీ..."

పరబ్రహ్మం గారు వేలెత్తి ఫ్రేము చూపించారు. ఇచ్చినవారెవరన్న వివక్ష లేకుండా.

ప్రింటరు వైరుతోనే ఉంది కాబట్టి అది పనిచేసింది. అదే కొంప ముంచింది. మెషీన్ చెప్పుకున్నదంతా కాగితాల మీదికి వచ్చింది. ఆయన దగ్గరుండి లెక్కపెట్టించారు. ఎర్రర్లూ, ఫెయిల్డులూ, వార్నింగులూ కలిపి పద్నాలుగు వందల పద్దెనిమిది. అవన్నీ అర్జీలు. మిగతా మూడొందల పన్నెండూ "మెమరీ బాగుంది", "డిస్కు దొరికింది" అనే బాపతు. అవేం చెయ్యాలన్నది తోచక కాసేపు గడ్డం గోక్కుని, వాటిని "ధన్యవాద పత్రములు" అని వేరే ఫైల్లో పెట్టించారు.

"సార్, ఇందులో ఎనిమిది వందలు ఒకటే ముక్క. మెషీన్ని నిద్రలేపే బయోస్‌లో ఏదో చిన్న పొరపాటుంటే అదే మళ్ళీ మళ్ళీ చెప్పింది" అంది తిలోత్తమ.

"ఒకటే మాట ఎనిమిది వందల సార్లు మొరపెట్టుకుందంటే ఎంత బాధలో ఉండి ఉండాలమ్మా!" అన్నారాయన. ఆ కట్టని నలగకుండా రెండు చేతులతో బల్ల మీద పెట్టారు.

పది నలభైకి, లెక్క ఇంకా సాగుతుండగానే, గరికిన ఎల్లమ్మ వచ్చింది. ఉప్పలపేటలో పడవ ఉన్న ఆడమనిషి ఆవిడొక్కతే. మొగుడు పోయాక తనే నడుపుకొస్తోంది. పడవకి కొత్తగా రంగు వేయించింది, ఇంజను బాగు చేయించింది, తనిఖీ పూర్తయింది, సంతకాలన్నీ ఉన్నాయి. లైసెన్సు అచ్చు కావడం ఒక్కటే తరువాయి. ఆ అచ్చు నెట్‌లోంచి రావాలి. జూన్ పద్నాలుగుతో వేట నిషేధం ముగుస్తుంది. పదిహేనో తారీఖు తెల్లారేసరికి చేతిలో లైసెన్సు లేకపోతే పడవ ఒడ్డునే ఉండిపోతుంది. నెల రోజులుగా పనిలేక కూర్చున్న ఆరుగురు కళాసీల ఇళ్ళు ఆ పడవ వంకే చూస్తున్నాయి. పద్నాలుగులోగా కాగితం ఇప్పించే పూచీ నాదని తిలోత్తమ అంతకుముందే మాట ఇచ్చేసింది.

పరబ్రహ్మం గారు ఎల్లమ్మ అర్జీ తీసుకుని, లెక్క తేలాక మర్యాదగా రసీదు ఇచ్చారు. నంబరు 1,419.

ఎల్లమ్మ వెనక్కి చూసింది, పక్కకి చూసింది. వరండాలో పిట్ట లేదు. "ఇదేటి తల్లీ? నా ముందు ఎవులూ నేరు గదా?"

"ఉన్నారు" అంది తిలోత్తమ నీరసంగా, బల్ల మీదున్న లాప్‌టాప్‌ని చూపిస్తూ.

"ఇదా? ఇది నాకన్నా ముందొచ్చినాదా?"

"పది నిమిషాలు ముందు."

మర్నాటి నుంచి విచారణలు మొదలయ్యాయి. అర్జీదారుని వ్యక్తిగతంగా విచారించాలని ఇంకో రూలుంది. లాప్‌టాప్‌ని జిల్లా అధికారి మార్కండేయులు గారి గదిలో సందర్శకుల కుర్చీలో కూర్చోబెట్టారు. అటెండరు నూకరాజు అలవాటు కొద్దీ దాని ముందు టీ గ్లాసు పెట్టాడు. తిలోత్తమ గబుక్కున గ్లాసు దూరంగా జరిపింది.

మార్కండేయులు గారు మాట్లాడితే మైకు లేకపోయినా మైకు ఉన్నట్టే ఉంటుంది. "పారదర్శకత, జవాబుదారీతనం, సత్వర స్పందన, ఈ మూడూ మన కార్యాలయానికి మూడు కళ్ళు" అని మొదలుపెట్టి, లాప్‌టాప్ వైపు కాస్త వంగి, "మీ సమస్య నిర్భయంగా చెప్పుకోవచ్చు" అన్నారు.

లాప్‌టాప్ కుయ్యిమంది. ఛార్జింగు తగ్గిపోతోందని తెర మీద పడింది.

"నంబరు 1,420" అన్నారు పరబ్రహ్మం గారు, రాసుకుంటూ.

రోజుకి ఆరు అర్జీలు విచారణకి వచ్చేవి. ఏడో అర్జీలో టచ్‌ప్యాడ్ స్పందించడం లేదని ఉంది. అంటే వేలితో రాస్తే బాణం గుర్తు కదలాల్సిన పలక అప్పుడప్పుడు మొరాయిస్తోందన్నమాట. విధుల్లో స్పందించకపోవడమా! మార్కండేయులు గారికి ముక్కు ఎర్రబడింది. మూడు రోజుల్లోగా సంజాయిషీ ఇవ్వాలని టచ్‌ప్యాడ్‌కి మెమో ఇచ్చారు. తీసుకునేవారు తీసుకోకపోతే మెమోని వారి నివాసానికి అతికించాలి కదా. నూకరాజు బంక తెచ్చి ఆ కాగితాన్ని శుభ్రంగా టచ్‌ప్యాడ్ మీద అతికించేశాడు. ఆ రోజు నుంచి అది పూర్తిగా పనిచెయ్యడం మానేసింది. "చూశారా, మొండితనం" అన్నారు మార్కండేయులు గారు.

తిలోత్తమ వేళ్ళ మీద లెక్క వేసింది. రోజుకి ఆరు చొప్పున ఎల్లమ్మ వంతు వచ్చేసరికి వచ్చే ఏడాది వేట నిషేధం కూడా వచ్చేస్తుంది. ఫోనూ వైరూ పట్టుకుని పరబ్రహ్మం గారి దగ్గరికి వెళ్ళింది.

"సార్, నాలుగు నిమిషాలు. ఒక్క నాలుగు నిమిషాలు నాకు వదిలెయ్యండి. వైఫై వచ్చేస్తుంది, లైసెన్సు అచ్చవుతుంది."

ఆయన రిజిస్టరు తిరగేశారు. "వైఫై అర్జీ నంబరు 1,102. మనమింకా ముప్ఫై ఒకటిలో ఉన్నాం. నువ్వు వెళ్ళి 1,102 బాగుచేసేస్తే మధ్యలో ఉన్న వెయ్యిమందీ ఏమనుకుంటారమ్మా?"

"వాళ్ళు ఏమీ అనుకోరు సార్! వాళ్ళు మనుషులు కారు!"

"నేను మనిషినే కదా. నేను అనుకుంటున్నానా? తొమ్మిదేళ్లయింది" అన్నారాయన. తిలోత్తమ ఫోను సంచిలో పెట్టేసుకుంది.

ఎల్లమ్మ రోజూ వచ్చేది. గుమ్మం దగ్గర గొంతుక్కూర్చుని లాప్‌టాప్ వంక గుడ్లురిమి చూసేది. "దానికేటి లోటు తల్లీ? కుర్సీ ఏసినారు, టీ ఇచ్చినారు. దాని పెళ్ళాం పిల్లలు పస్తుంటన్నారా?" అనేది. తిలోత్తమకి తల ఎత్తాలంటే సిగ్గేసేది.

జూన్ అయిదున రాజధానిలో సమీక్ష జరిగింది. రాష్ట్రం మొత్తంలో ఎక్కువ అర్జీలు పేరుకుపోయిన ఆఫీసు ఇదేనని తేలింది. మార్కండేయులు గారికి అక్కడే చెమటలు పట్టాయి. తిరిగి రాగానే కమిటీ వేశారు. "అర్జీదారుని మనం తృప్తిపరచలేకపోతున్నాం. కనుక తృప్తి చెందే స్వభావం గల లినక్సును ఎంపిక చేసుకోవాలి" అన్నది ఆ కమిటీకి అప్పగించిన పని. లినక్సులో రకరకాలున్నాయని, వాటిని డిస్ట్రోలంటారని ఆయనకి రాజధానిలో ఎవరో చెప్పారట.

రాజధాని నుంచి సాంకేతిక సలహాదారు కౌండిన్య గారు కోటు వేసుకుని, ఏడు రకాలు నింపిన ఏడు పెన్‌డ్రైవులు పట్టుకుని దిగారు. ఆయనకి కంప్యూటరు గురించి ఏం తెలుసో కనుక్కోవడం కష్టం. మాట్లాడనిస్తే కదా. "సమగ్ర, సమ్మిళిత, సుస్థిర ఎంపిక ప్రక్రియకు మనం శ్రీకారం చుడుతున్నాం" అన్నారు. తర్వాత ఒక్కొక్క డిస్ట్రోకీ ఇంటర్వ్యూ పెట్టారు. పెన్‌డ్రైవు గుచ్చడం, లాప్‌టాప్ ఆన్ చెయ్యడం, ఎన్ని ఫిర్యాదులొస్తాయో పరబ్రహ్మం గారు లెక్కపెట్టడం.

మొదటిది పన్నెండు వందల తొంభై. రెండోది పదమూడు వందల డెబ్భై ఏడు. మూడోది అన్నీ మనమే చేత్తో చేసుకోవాల్సిన రకం. అది ఆన్ అయి, ఒక్క గీత గీసి, తమరి ఆజ్ఞ ఏమిటన్నట్టు ఊరుకుంది. "అధికారి ఎదుట ఇంత మౌనం పొగరుకి చిహ్నం" అని దాన్ని తిరస్కరించారు. నాలుగోది ఆన్ కాగానే అప్‌డేట్లు కావాలని అడిగింది. "ఇంకా ఉద్యోగంలో చేరలేదు, అప్పుడే కోరికలా?" అన్నారు మార్కండేయులు గారు.

తిలోత్తమ ఉండబట్టలేక లేచింది. "సార్, నన్నో మాట చెప్పనివ్వండి. ఇవన్నీ పైకి వేరుగానీ లోపలి గింజ ఒకటే. మెషీన్ అదే కాబట్టి గొడవలూ అవే వస్తాయి. ఫిర్యాదులు లెక్కపెట్టి ఎంచుకోకూడదు. వైఫై ఫర్మ్‌వేర్ ముందే కలిపి ఇచ్చేదో, ఎక్కువ ఏళ్ళు చూసుకునేదో, పదిమంది వాడేదో చూసి ఒకటి తీసుకుంటే చాలు. అదిగో, ఆ అయిదో పెన్‌డ్రైవులో ఉన్నది సరిపోతుంది."

"అయిదవది ఎన్ని ఫిర్యాదులు?" అని అడిగారు మార్కండేయులు గారు.

"తొమ్మిది వందల పది" అన్నారు దాన్నీ గుచ్చి లెక్కపెట్టిన పరబ్రహ్మం గారు.

"అమ్మా, తొమ్మిది వందల పది అసంతృప్తులతో నేను రాజధానికి ఏ మొహం పెట్టుకుని వెళ్ళాలి?"

ఆరోది కూడా పోయింది. ఏడో పెన్‌డ్రైవు గుచ్చారు. నల్లటి తెర రాలేదు. తెల్లటి అక్షరాలు రాలేదు. తెర నిండా సముద్రం మీద సూర్యోదయం బొమ్మ, దాని కింద గుండ్రంగా తిరిగే చిన్న చక్రం. అంతే. పరబ్రహ్మం గారు పెన్ను పట్టుకుని ఎదురుచూస్తూనే ఉన్నారు. రాయడానికి ఒక్క ముక్క లేదు.

"సున్నా!" అన్నారు కౌండిన్య గారు. గది గదంతా చప్పట్లు.

"సార్, అవి ఆగలేదండీ" అంది తిలోత్తమ. "ఎర్రర్లన్నీ వస్తూనే ఉన్నాయి. మనకి కనబడకుండా ముందు బొమ్మ పెట్టారంతే. ఎస్కేప్ బటన్ నొక్కితే కనిపిస్తాయి." నొక్కి చూపించింది. సూర్యుడు మాయమై, వెనక బిలబిలమంటూ అక్షరాలు పరుగెత్తుతున్నాయి. వైఫై ఫర్మ్‌వేర్ ఇక్కడా లేదు.

మార్కండేయులు గారు ఒక్క క్షణం ఆ తెరని చూసి, తర్వాత తిలోత్తమని జాలిగా చూశారు. "మరి ఆ బటన్ ఎందుకు నొక్కడం?"

సాయంత్రానికి ఎస్కేప్ బటన్‌ని చాకుమొనతో పీకించి, కవర్లో వేసి, లక్కసీలు కొట్టించి బీరువాలో పెట్టించారు. మర్నాడు ఉత్తర్వు వచ్చింది. "అర్జీదారు మౌనము వహించియున్నందున సంతృప్తి చెందినట్లు భావించి, ఒకటవ నంబరు మొదలు చివరి నంబరు వరకు గల అర్జీలన్నియు పరిష్కరించబడినట్లు ప్రకటించడమైనది."

తిలోత్తమ ఆ కాగితం రెండుసార్లు చదివింది. "సార్! ఒకటి నుంచి చివరిదాకా అంటే మధ్యలో 1,419 కూడా ఉంది. అది ఎల్లమ్మది!"

"ఆమె మాత్రం ఏమైనా అన్నదా?" అన్నారు మార్కండేయులు గారు.

"రోజూ గుమ్మం దగ్గర అరుస్తూనే ఉంది కదండీ!"

"లిఖితపూర్వకంగా అరవలేదు" అన్నారు పరబ్రహ్మం గారు.

ఈ విజయం మార్కండేయులు గారి తలకెక్కింది. యంత్రానికి పనిచేసింది మనుషులకి ఎందుకు పనిచెయ్యదు? మూడో రోజుకల్లా అర్జీలు తీసుకునే కిటికీకి నిలువెత్తు చెక్క బిగించారు. దాని మీద ఆర్టిస్టు చేత సముద్రమూ సూర్యోదయమూ వేయించారు. కింద ఒక అట్ట చక్రం. నూకరాజు చెక్క వెనక స్టూలు వేసుకుని, పదిన్నర నుంచి అయిదు దాకా, మధ్యాహ్నం భోజనం వేళ తప్ప, ఆ చక్రాన్ని చేత్తో తిప్పుతూ కూర్చోవాలి. అర్జీలు వెంటనే సున్నా అయ్యాయి. రాజధాని నుంచి అభినందనలు వచ్చాయి.

జూన్ పదమూడున ఎల్లమ్మ వచ్చి ఆ చెక్క ముందు నిలబడింది. బొమ్మలో సముద్రాన్ని చూసింది. తిరుగుతున్న చక్రాన్ని చూసింది. అరవలేదు. గోడవారగా కూలబడి కొంగు నోట్లో కుక్కుకుంది. పక్క కిటికీలోంచి అది చూసిన తిలోత్తమ చేతిలో ఉన్న ఫైలు మూసేసింది. ఇచ్చిన మాట గుర్తొచ్చింది. ఛీ, నేనూ ఒక ఉద్యోగినేనా అనుకుంది.

మధ్యాహ్నం మార్కండేయులు గారు భోంచేసి కునుకు తీసే వేళ, పరబ్రహ్మం గారు ఆకూ వక్కా వేసుకోవడానికి బయటికెళ్ళిన వేళ, ఫోను తీసి వైరుతో లాప్‌టాప్‌కి తగిలించింది. నాలుగు నిమిషాలు అని అందరికీ చెబుతూ వచ్చింది గానీ మూడే పట్టింది. ఫర్మ్‌వేర్ దిగింది. వైఫై గుర్తు వెలిగింది. ప్రింటరు గరగరమంటూ ఎల్లమ్మ లైసెన్సు బయటికి తోసింది.

ఇంక సంతకం కావాలి. అర్జీలే లేని ఆఫీసులో లైసెన్సు మీద సంతకం ఎవరు పెడతారు? కాగితం చేత్తో పట్టుకుని గది నలుమూలలా చూసింది. చూపు అలమరలో ఒక ఫైలు మీద ఆగింది. ధన్యవాద పత్రములు.

నాలుగింటికి ఆ ఫైలు తీసుకెళ్ళి మార్కండేయులు గారి ముందు పెట్టింది. "తమకి వచ్చిన ధన్యవాదాలు సార్. తమరింకా చూడనే లేదు."

ఆయన మొహం వికసించింది. "మెమరీ బాగుంది" మీద సంతకం పెట్టారు. "డిస్కు దొరికింది" మీద, చాలా సంతోషం అని రాసి మరీ పెట్టారు. పదకొండో కాగితం ఎల్లమ్మది. దాని మీదా సంతకం పడింది. పరబ్రహ్మం గారు వెనకే నిలబడి, సంతకం పడ్డ ప్రతి కాగితం మీదా టకటకా సీలు కొట్టారు.

గోడవారనున్న ఎల్లమ్మ చేతిలో కాగితం పెడితే ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి ఏడ్చేసింది. ఏడుస్తూనే అడిగింది, "ఎలా ఇచ్చినారు తల్లీ?"

"నువ్వు మా సార్‌ని పొగిడావని ఇచ్చారు."

"నానా? నానెప్పుడు పొగిడినాను?"

తిలోత్తమ జరిగింది చెప్పింది. ఎల్లమ్మ కొంగుతో మొహం తుడుచుకుని, కాసేపు ఆలోచించి, "మా పేటలో ఇంకా నలభై రెండు పడవలున్నాయి. అందరికీ కాయితం ఒక్కటే తక్కువ" అని లేచి గబగబా వెళ్ళిపోయింది.

పద్నాలుగో తారీఖు పదిన్నరకి ఉప్పలపేట మొత్తం ఆఫీసు ముందుంది. ఎవరి చేతిలోనూ అర్జీ లేదు. అందరి చేతుల్లోనూ ధన్యవాదాలే. ధన్యవాదాలకి కిటికీ దాకా ఎందుకు, నేరుగా గుమ్మంలోంచి రానిచ్చారు. "అయ్యా, తమరు నూరేళ్ళు సల్లగుండాల. తమరి గుమ్మం కాడ నిలబడితే మాకు ఆకలి తెలీలేదు, ఎందుకంటే తినడానికి ఏటీ నేదు" అని ఒకరు. "తమరేసిన సముద్రం బొమ్మ శానా బాగున్నాది. నిజం సముద్రం ఎలాగుంటాదో మరిసిపోకుండా సూసుకుంటన్నాం" అని ఇంకొకరు. మార్కండేయులు గారు మొదటి వాక్యం దాటి ఏదీ చదవలేదు. కళ్ళనీళ్ళు కారిపోతుంటే సంతకాలు పెడుతూనే ఉన్నారు. ప్రతి ధన్యవాదం కిందా తిలోత్తమ అప్పటికప్పుడు తీసిన లైసెన్సు ఉంది. ఒంటిగంటకల్లా నలభై రెండూ అయిపోయాయి. ఆ ఆఫీసు పెట్టిన నాటి నుంచి ఒక్క పూటలో అంత పని జరగలేదు.

"ఫిర్యాదులు సున్నా. ధన్యవాదాలు నలభై రెండు. ఈ ఘనత సిబ్బందిది కాదు, నాది" అని మార్కండేయులు గారు రాజధానికి ఫోను చేసి చెప్పుకున్నారు.

సాయంత్రం అందరూ వెళ్ళిపోయాక తిలోత్తమ లాప్‌టాప్ మూస్తోంది. పరబ్రహ్మం గారు వచ్చి బల్ల పక్కన నిలబడ్డారు. ఉదయం నుంచీ నలభై రెండు సీళ్ళు కొట్టిన మనిషి. నలభై రెండు లైసెన్సులూ ఆయన చేతి కిందనుంచే వెళ్ళాయి. ఆయనకి కనబడలేదని ఎలా అనుకుంటాం? తిలోత్తమ మూత సగంలో ఆపేసింది.

ఆయన వెనక్కి తిరిగి ఫ్రేము వంక చూశారు. తర్వాత గొంతు బాగా తగ్గించి అడిగారు.

"అమ్మా తిలోత్తమా, రాజధానికి ఓ ధన్యవాద పత్రం రాసిపెడతావా?"

"ఎవరి తరఫున సార్?"

"నా తరఫునే." కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "పైన ఓ పేజీ పొగుడు. బాగా పొగుడు. తొమ్మిదేళ్లది కదా."

తిలోత్తమ కుర్చీ లాగి ఆయన్ని కూర్చోబెట్టి, లాప్‌టాప్ మళ్ళీ ఆన్ చేసింది. తెర మీద సూర్యుడు వచ్చాడు. చక్రం తిరగడం మొదలైంది. అది ఆగేదాకా ఇద్దరూ ఓపిగ్గా ఎదురుచూశారు.